నూట ఎనభై కిలోల గాలి

"మేధావికి సెలవుండదు బావమరిదీ. నేను నిద్రపోయినా నా మెదడు డ్యూటీలోనే ఉంటుంది" అని మంగళవారం పొద్దున మా బావ ప్రకటించాడు. అప్పుడతను స్కూటరు స్టార్ట్ చేస్తున్నాడు. చొక్కా గుండీలన్నీ ఒక కాజా తప్పి పెట్టుకున్నాడు. నేను వెనక సీటు మీద కూర్చుని ఆ మాటకు తల ఊపాను. రోజూ నన్ను ఆఫీసుకు తీసుకెళ్లేది అతనే కాబట్టి తల ఊపడం నా వంతు.

బావ అంటే మా అక్క మొగుడు. విమానాలు డిజైన్ చేసే ఆఫీసులో ఇద్దరం పని చేస్తాం. నేను మూడో అంతస్తులో రెక్కల బలం లెక్కలు చూసే ఇంజనీరుని. అతను కింది అంతస్తులో రికార్డు గది ఇన్‌ఛార్జి. పాత డ్రాయింగుల కోసం ఆ గదికి రోజుకు ఇద్దరో ముగ్గురో వస్తారు. మిగిలిన వేళంతా అతను నేర పరిశోధనకు కేటాయించాడు. పాత డ్రాయింగుల్లో సన్న అక్షరాలు చదవడానికి ఆఫీసువాళ్లు ఇచ్చిన భూతద్దం ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. అందుకని అందరూ అతన్ని వెనక భూతద్దం అంటారు. ముందు కూడా అంటారు, కానీ అతను దాన్ని బిరుదుగా తీసుకున్నాడు.

ఆరేళ్లలో అతను చేపట్టినవి మూడు కేసులు. మొదటిది లైబ్రరీలో మాయమైన కుర్చీ. తొమ్మిది మందిని ప్రశ్నించాక తెలిసిందేమిటంటే, అతను దాని మీద కూర్చునే ప్రశ్నిస్తున్నాడు. మిగతా రెండూ అంత విజయవంతం కాలేదు.

నాలుగో కేసు నా నోటి దురద వల్ల మొదలైంది. సోమవారం సాయంత్రం ఇంట్లో అక్క కూర తరుగుతూ, ఏమిట్రా ముఖం అలా వేలాడేశావు అని అడిగింది. "లోడ్ ట్రాన్స్‌ఫర్‌లో నూట ఎనభై కిలోలు పోయాయక్కా, ఎక్కడ పోయాయో తెలియడం లేదు" అన్నాను. పక్క గదిలో పేపరు మడిచిన చప్పుడైంది. అప్పుడే నేను నోరు మూసుకోవాల్సింది.

ఆ పోవడం సంగతి చెప్పాలి. రెక్క మీద గాలి ఎక్కడెక్కడ ఎంత బలం చూపిస్తుందో లెక్కగట్టేవాళ్లు వేరు, ఆ బలానికి రెక్క తట్టుకుంటుందా అని చూసే మావాళ్లు వేరు. ఇద్దరమూ కంప్యూటర్లో రెక్కను వలలాగా గీసుకుంటాం. గాలివాళ్ల వల చాలా సన్నది, లక్షల చిన్న చిన్న త్రికోణాలు. మాది ముతక వల. రెక్క లోపల దూలాలు, పక్కటెముకలు ఎక్కడ కలుస్తాయో అక్కడే ముడులుంటాయి. ఆ సన్న వల మీది బలాన్నంతా తీసి మా వల ముడులకు పంచాలి. పంచేటప్పుడు మొత్తం తగ్గకూడదు, పెరగకూడదు. రెక్కను గాలి ఎంత వంచుతుందో, ఎంత మెలితిప్పుతుందో అదీ మారకూడదు. ఈ పంపకం చేసే ప్రోగ్రాం రాసింది మా ప్రోగ్రాం మేడం. పద్దెనిమిదేళ్లుగా అది ఒక్క కిలో కూడా అటూ ఇటూ చెయ్యలేదు.

సోమవారం చేసింది. గాలివాళ్ల వల మీద ఒక్కో రెక్కకు పదివేల కిలోల బలం. మా వలకు వచ్చి చేరింది తొమ్మిదివేల ఎనిమిది వందల ఇరవై. మా చీఫ్ అందరినీ పిలిచి, శుక్రవారం మూడు గంటలకు ఆఫీసు పెద్దల ముందు రెక్క డిజైన్ పరీక్షకు నిలబెట్టాలనీ, అప్పటికి ఈ తేడా ఎక్కడిదో తేలకపోతే మేడం ప్రోగ్రాం పక్కన పెట్టి బయటినుంచి వేరేది తెప్పిస్తాననీ చెప్పాడు. కోపంగా చెప్పలేదు, అదే ఇబ్బంది. మేడం నూట ఎనభై అని తన పుస్తకంలో రాసుకుని, కింద గీత గీసుకుని, సీటుకు వెళ్లి తను రాసిన ప్రోగ్రాం మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టింది.

ఇదంతా మంగళవారం స్కూటరు మీద బావకు వివరించాను. లోడ్ అంటే లారీ సరుకు కాదని, గాలి బలమని మూడు సిగ్నళ్ల దగ్గర మూడుసార్లు చెప్పాను.

"కోడ్ భాష" అన్నాడు బావ. "ముఠాలన్నీ అలాగే మాట్లాడతాయి. నూట ఎనభై కిలోలంటే ఒక్కడు మొయ్యలేడు. కనీసం ముగ్గురుంటారు."

"బావా, పోయింది వస్తువు కాదు. రెక్కను పైకి లేపే లిఫ్ట్ తగ్గింది, అంతే."

అతను స్కూటరు పక్కకు ఆపాడు. "లిఫ్టా? మరి ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?"

మా ఆఫీసులో ఒకటే లిఫ్టు. పదిన్నరకల్లా బావ దాంట్లో టేపు, భూతద్దం, ఒక బరువు తూచే మిషనుతో దిగబడ్డాడు. లిఫ్ట్ మెకానిక్‌ను పిలిపించి, ఈ మధ్య లిఫ్ట్ తగ్గిందన్న మాట నిజమేనా అని అడిగాడు. ఆ పెద్దాయన నిజమేనని, బరువెక్కితే లాగడం లేదని, నెల కిందటే కాగితం పెట్టానని, పట్టించుకున్నవాడు లేడని గోడు వెళ్లబోసుకున్నాడు. బావ దాన్ని నేరాంగీకారం కింద రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. మెకానిక్ దాన్ని రిపేరు కాగితం అనుకుని సంతోషంగా పెట్టాడు.

తర్వాత బావ లిఫ్టులోనే కూర్చుని పైకీ కిందికీ ఎనిమిదిసార్లు తిరిగాడు. తొమ్మిదోసారి చీఫ్ ఎక్కాడు. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగిపోయింది. నలభై నిమిషాలు కదల్లేదు. ఆ నలభై నిమిషాల్లో బావ, పోయిన లిఫ్ట్ గురించి మీకేం తెలుసో దాచకుండా చెప్పండని చీఫ్‌ని అడిగాడట. చీఫ్‌కి వేరే పనేమీ లేదు. రికార్డు గది మనిషికి కూడా రెక్క మీద ఇంత శ్రద్ధ ఉన్నందుకు ఆయన ముచ్చటపడి మొత్తం చెప్పాడు. గాలి ఒత్తిడి ఎలా పుడుతుందో, ఒక వల నుంచి ఇంకో వలకు ఎలా వెళ్తుందో లిఫ్టు గోడ మీద వేలితో బొమ్మ గీసి మరీ చూపించాడు.

బావ చెమటలు కక్కుకుంటూ నా దగ్గరకొచ్చాడు.

"పెద్ద తలకాయ నోరు విప్పింది" అన్నాడు గొంతు తగ్గించి. "ప్రెషర్ అంతా ఒక్కరి చేతికే వస్తుందట. వాళ్లే దాన్ని పంచుతారట. ఎవరో ఊహించు."

ఊహించాల్సిన పని లేకపోయింది. ఆవిడ జోలికి పోవద్దు, అసలే రెండు రోజులుగా అన్నం కూడా సరిగా తినడం లేదని బతిమాలాను. తిండి మానెయ్యడం అపరాధ భావానికి మొదటి లక్షణమని బావ నోట్ చేసుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం అతను మేడం ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మా ఇద్దరి సీట్ల మధ్య ఒక బీరువాయే అడ్డం కాబట్టి నాకు అన్నీ వినిపించాయి. ఆవిడ ప్రోగ్రాం కాగితాల మీద స్కేలు పెట్టి లైను తర్వాత లైను చదువుతోంది.

"మీ చేతికి వచ్చేటప్పటికి ఎంత ఉంది?"

"పదివేలు."

"మీ చేతి నుంచి వెళ్లేటప్పటికి?"

"తొమ్మిదివేల ఎనిమిది వందల ఇరవై."

"మధ్యలో ఎవరున్నారు?"

"నేనేనండి."

బావకు ఇంత సూటి జవాబు జీవితంలో ఎవరూ చెప్పలేదు. పెన్సిలు ఆగిపోయింది. ఆవిడ స్కేలు తియ్యకుండానే తలెత్తి, "మీకేమైనా దొరికితే చెప్పండి. నాకు దొరకడం లేదు" అంది. గొంతులో వెటకారం లేదు. బీరువా ఇవతల నాకు ఎందుకో తల దించుకోవాలనిపించింది.

బావ మాత్రం లేచి వచ్చి, ఇంత నిజాయితీగా మాట్లాడేవాళ్లతోనే ప్రమాదం అన్నాడు. నేరస్థులు నేరం జరిగిన చోటికి తిరిగి వస్తారన్నది ప్రపంచ ప్రసిద్ధ సూత్రమట. "ఈవిడ సోమవారం నుంచి అక్కణ్నుంచి కదలనే లేదు. అంటే ఎంత ముదురో ఆలోచించు."

"అది ఆవిడ సీటు బావా."

"అందుకే ఎవరికీ అనుమానం రాలేదు."

గురువారం అతను నిఘా వేశాడు. మేడం సీటుకు ఎదురుగా చిన్న మీటింగు గది ఒకటుంది. దాని తలుపు నిలువునా అద్దమే. లోపల కూర్చుంటే బయటివాళ్లకు కనిపిస్తాం. తెర కావాలి. నేను మూడు దాటాక భోజనానికి వెళ్లినప్పుడు నా బల్ల మీద చుట్టి పెట్టిన రెండు పెద్ద షీట్లు అతని కంటబడ్డాయి. అవి శుక్రవారం మీటింగు కోసం తీయించిన ప్రింట్లు. ఒకదాని మీద గాలివాళ్ల వల, ఇంకోదాని మీద మా వల, రెండూ ఒకే కొలతకు పల్చటి కాగితం మీద తీసినవి. బావ ముందు ఒకటి అంటించి చూశాడట. కాగితం పల్చనై లోపల మనిషి తెలుస్తున్నాడు. దాని మీద రెండోది కూడా అంటించాడు. పనిలో నీటు ఉండాలని రెండింటి అంచులూ తలుపు చట్రానికి సరిగ్గా ఆనించాడు. దాంతో విమానానికి అతికే రెక్క మొదలు రెండు షీట్లలోనూ ఒకదాని మీద ఒకటి కచ్చితంగా కూర్చుంది. తర్వాత చూపుకోసం రెక్క మొదట్లో రూపాయి బిళ్లంత కంత కత్తిరించాడు. చీకట్లో నోట్స్ రాసుకోలేక లైటు వేసుకున్నాడు.

భోజనం నుంచి తిరిగొచ్చేసరికి మూడో అంతస్తంతా నిలబడి చూస్తోంది. వెలుగుతున్న తలుపు మీద నిలువునా ఒక రెక్క, దాని వెనక కుర్చీలో కూర్చున్న మా బావ నీడ, రెక్క మొదట్లో కంతలోంచి రెప్ప వెయ్యని ఒక కన్ను. అతను తనెవరికీ కనబడటం లేదన్న ధీమాతో ఉన్నాడు. ఆ నమ్మకం చెడగొట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు.

అప్పుడు మేడం కాగితాల మీంచి తలెత్తింది. కాసేపు అలాగే చూసింది. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి లేచి, నెమ్మదిగా తలుపు దగ్గరికి నడిచింది. లొంగిపోవడానికి వస్తోందని బావ లోపల రాసుకున్నాడు, తర్వాత నాకు ఆ పేజీ చూపించాడు.

ఆవిడ కంతలోని కన్ను వైపు చూడలేదు. రెక్క చివర చూస్తోంది. బావ కదిలినట్టున్నాడు, నీడ ఊగింది.

"కదలకండి" అంది ఆవిడ. అతను ఊపిరి బిగబట్టాడు.

ఆవిడ చూపుడువేలు రెక్క చివర ఆనించి, అక్కడినుంచి మూడు వేళ్ల వెడల్పు కిందికి దించింది. వెనక లైటు పడి రెండు వలలూ ఒకదాని మీద ఒకటి తేటగా కనిపిస్తున్నాయి. సన్న వల పైదాకా ఉంది. ముతక వల మూడు వేళ్ల ముందే ఆగిపోయింది.

"బాబూ, ఒకసారి ఇలా రండి" అని నన్ను పిలిచింది.

నాకు వెళ్లకుండానే తెలిసిపోయింది.  మూడు వారాల కిందట ఆ రెక్క చివర కొత్త కొన ఒకటి చేర్చారు, నిజం కొలతలో మీటరు పొడవు. కొత్త కొనతో మా వల నేనే గీశాను. పాతదీ కొత్తదీ ఒకే పేరుతో రెండు ఫోల్డర్లలో పెట్టుకున్నది నేనే. సోమవారం పాత ఫోల్డర్లోది పంపింది నేనే. కొత్తదేనా అని చీఫ్ అడిగితే చూడకుండా అవునన్నది కూడా నేనే. తెర మీద ఏ బొమ్మ తెరిచినా కంప్యూటర్ దాన్ని తెర నిండా సరిపెట్టి చూపిస్తుంది. పొట్టిదీ పొడుగుదీ ఒకేలా ఉంటాయి. పక్కపక్కన కాకుండా ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలన్న ఆలోచన నాలుగు రోజులుగా ఎవరికీ రాలేదు.

ప్రోగ్రాం తన పని తను చేసింది. సన్న వల మీది ఒక్కో త్రికోణం తన బలాన్ని అప్పగించడానికి దగ్గర్లో ముడి కోసం వెతుకుతుంది. అందేంత దూరంలో ముడి లేకపోతే దాన్ని వదిలేస్తుంది. ఇంజను తొడుగులాంటి, రెక్క లెక్కలోకి రాని వాటి కోసం అలా వదిలెయ్యాల్సిన అవసరం ఎప్పుడూ ఉంటుంది కనుక ఆ వదిలేసినవాటిని ఎవరమూ పట్టించుకోలేదు. కొత్త కొన మీది గాలికి పట్టుకోవడానికి మా వైపు ఎముకే లేదు. అలా నూట ఎనభై కిలోలు గాల్లో కలిసిపోయాయి.

"ఇది మీరు పంపిందేనా?" అని మేడం అడిగింది.

"అవునండి. పాతది."

ఆవిడ నావైపు చూసి, "కొత్తది ఉందా?" అని మాత్రం అడిగింది.

ఉందన్నాను. ఇద్దరం ఆవిడ సీటు దగ్గర కూర్చుని కొత్త వలతో మళ్లీ నడిపించాం. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ నేను క్షమించమని అడగడానికి మాటలు కూడగట్టుకుంటూనే ఉన్నాను. తెర మీద అంకె వచ్చింది. ఇటు పదివేలు, అటు పదివేలు. ఆవిడ కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. తుడిచిన అద్దాలనే మళ్లీ తుడిచింది. తర్వాత సొరుగులోంచి టిఫిన్ డబ్బా తీసి, "ఇప్పుడు అన్నం తింటాను" అంది. నాలుగున్నరైంది.

"చీఫ్‌తో మీరే చెప్తారా?" అని అడిగింది మూత తీస్తూ. చెప్తానన్నాను.

బావ సంగతి ఆరింటికి గుర్తొచ్చింది. వెళ్లి చూస్తే ఇంకా అలాగే ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఆవిడ కదలకండి అన్నప్పుడు చేతిలో ఆయుధం ఉందో లేదో కంతలోంచి కనిపించలేదట.

శుక్రవారం మూడు గంటలకు నేను లేచి నిలబడి అందరి ముందూ ఒప్పుకున్నాను. పోయిన బలం తక్కువే అయినా పోయింది రెక్క చివర. అంత దూరంలో పనిచేసే బలం రెక్క మొదలును ఎక్కువగా వంచుతుంది. కొత్త లెక్కలో రెక్క మొదట్లో వంచే బలం నాలుగు శాతం పెరిగింది. అక్కడ రేకు మందం పెంచాలని తేలింది. ఆ తప్పు దొరక్కుండా ఉంటే రెక్క పల్చటి రేకుతోనే తయారయ్యేది. ఆ విమానంలో ఎవరెవరు కూర్చునేవారో ఆ గదిలో ఎవరూ పైకి అనలేదు. 

ఫైళ్లు అందించే నెపంతో బావ గోడవార నిలబడ్డాడు. నేను కూర్చోగానే అతను చెయ్యెత్తాడు. ఈ ఒప్పుకోలు చెల్లదని, నేనెవరినో కాపాడుతున్నానని చెప్పాడు. "వీణ్ని మా పెళ్లి నాటి నుంచి ఎరుగుదును సార్. ఇంత పెద్ద నేరం చేసేంత తెలివి వీడికి లేదు."

"దీనికి తెలివి అక్కర్లేదండి" అన్నాడు చీఫ్. "నిర్లక్ష్యం చాలు."

బావ ఆలోచించాడు. "అది ఉంది సార్" అన్నాడు.

తప్పు ఎలా దొరికిందని పెద్దల్లో ఒకాయన అడిగాడు. మేడం ఒక్క క్షణం తటపటాయించి, తలుపు మీద కనిపించిందని చెప్పింది. తలుపు మీద వలలు అంటించి వెనక దీపం పెట్టిందెవరని ఆయన మళ్లీ అడిగాడు. అందరూ గోడ వైపు తిరిగారు. నలభై ఏళ్లుగా ఇంత సులువైన పరీక్ష తను చూడలేదని ఆయన బావ చెయ్యి పట్టుకుని ఊపాడు. బావ వినయంగా, అదంతా ఎప్పుడూ డ్యూటీలోనే ఉండే తన మెదడు చలవ అన్నాడు.

నాకు రావాల్సిన చీవాట్లు నాకు విడిగా వచ్చాయి. న్యాయంగానే వచ్చాయి. తర్వాత మేడం నన్ను కూర్చోబెట్టి, రెండు వలల కొలతలూ కలవకపోతే పంపకం మొదలుపెట్టకుండా ఆగిపోయేలా ప్రోగ్రాంలో ఒక తనిఖీ నాచేతే రాయించింది. నేను రాసిన ప్రతి లైనూ స్కేలు పెట్టి చదివింది. రెండు చోట్ల కొట్టేసింది. ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని రాసిన ఆ రెండు వారాల్లో నేను నేర్చుకున్నంత అంతకు ముందు ఏడేళ్లలో నేర్చుకోలేదు.

తనిఖీ ఉన్నా సరే, మీటింగులో బావ చెయ్యి ఊపిన పెద్దాయన మాట మీద చీఫ్ ఒక ఉత్తరువు వేశాడు. ఏ రెక్క లెక్కయినా పంపకానికి ముందు రెండు వలలూ ఒకే కొలతకు ప్రింటు తీసి, ఆ అద్దం తలుపు మీద ఒకదాని మీద ఒకటి అంటించి, వెనక లైటు వేసి చూడాలి. ఆ పని రికార్డు గది ఇన్‌ఛార్జిది. కాగితం మీద అలాగే ఉంది, ముద్ర కూడా ఉంది.

ఇప్పుడు నెలకు రెండుసార్లు మా బావ ఆ గదిలో లైటు వేసుకుని కూర్చుంటాడు. తనను నిఘా పనికి పెట్టారని అతని నమ్మకం. కంత కత్తిరించవద్దని మేడం మెల్లగా చెప్పి చూసింది కానీ, కంత లేకుండా నిఘా ఏమిటని అతను ఒప్పుకోలేదు. బొమ్మ లేని మూలన కత్తిరించుకోవడానికి చివరికి రాజీ కుదిరింది. ఆవిడ బయట నిలబడి రెక్క మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చూసుకుంటుంది. అతను మూలనుంచి ఒంటికన్నుతో ఆవిణ్ని చూస్తుంటాడు. ఇద్దరూ తమ తమ పని చాలా శ్రద్ధగా చేస్తారు.

ఏడాదైంది. మళ్లీ ఒక్క కిలో కూడా పోలేదు. తనక్కడ కూర్చున్నాడని తెలిసే ముఠా చెదిరిపోయిందని బావ అక్కతో చెప్పాడు. అక్క నావైపు చూసింది. నేను తల ఊపాను.